తప్పులన్నీ ఒకే వైపుకు ఒరిగితే: ‘ఆర్గో’ సినిమా మీద మా క్లాసు చేసిన పరిశీలన

సినిమా ఆఖరి ఘట్టానికి వచ్చేసరికి మా క్లాసులో ఒక్కరు కూడా కుర్చీకి ఆనుకుని కూర్చోలేదు. 1980, ఇరాన్ రాజధాని టెహ్రాన్ విమానాశ్రయం. పాస్‌పోర్టు కౌంటర్ దగ్గర, దేశం దాటి తప్పించుకోవాలని చూస్తున్న ఆరుగురు అమెరికన్లు, వాళ్ల చేతుల్లో కెనడా పాస్‌పోర్టులు. ఒక కాగితం దొరకలేదు. గార్డులు పక్క గదిలోకి తీసుకెళ్లి ప్రశ్నలు వేశారు. ఎలాగో విమానం ఎక్కారు. అంతలో అసలు సంగతి బయటపడింది. గార్డులు అద్దాలు పగలగొట్టుకుని బయటికొచ్చి, రన్‌వే మీద బండ్లు వేసుకుని విమానం వెంట పడ్డారు. విమానం గాల్లోకి లేచింది. మా పిల్లలు చప్పట్లు కొట్టారు.

లైట్లు వేశాక అందరికీ తలా ఒక చీటీ ఇచ్చి, ఈ విమానాశ్రయం సీను నిజంగా జరిగిందని అనుకుంటున్నారా, ఎందుకు అనుకుంటున్నారు అని రాయమన్నాను. చాలామంది జరిగిందనే రాశారు. కారణం దగ్గర ఒకమ్మాయి రాసిన వాక్యం ఇప్పటికీ నా దగ్గరుంది: “చివర్లో అసలు మనుషుల ఫొటోలు, నటుల ఫొటోలు పక్కపక్కన చూపించారు మేడం. అంత అచ్చంగా ఉన్నప్పుడు కథ మాత్రం అబద్ధం ఎందుకు చెబుతారు?”

ఆ సీనులో గార్డులు పట్టుకోవడం, రన్‌వే మీద తరమడం ఏదీ జరగలేదు. సినిమా వచ్చిన కొత్తలో నేను కూడా ఆ వెంటాట నిజమేననుకుని ఒక బ్యాచ్‌కి పాఠం మధ్యలో ఉదాహరణగా చెప్పేశాను. ఆరు నెలల తర్వాత, బయటపడిన ఆరుగురిలో ఒకరైన మార్క్ లైజెక్ చెప్పిన మాటలు చదివి చాలా బాధపడ్డాను. ఆ పిల్లలు అప్పటికే డిగ్రీ పూర్తిచేసి వెళ్లిపోయారు. ఈ పరిశీలన తయారుచేయడానికి అదే మొదటి కారణం.

డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. ఫైనల్ ఇయర్ పిల్లలతో ప్రతి ఏడాదీ ఒక హాలీవుడ్ చారిత్రక సినిమా తీసుకుని, అందులో ఏది జరిగింది, ఏది జరగలేదు అని ఆధారాలతో పోల్చి చూస్తాం. మొదటి రెండేళ్లు తప్పుల జాబితా రాయించాను. ఆ పద్ధతి పనికిరాలేదు. పిల్లలు చేతి గడియారాలు, కారు మోడళ్లు పట్టుకోవడంలో ఆరితేరారు గానీ, సినిమా చరిత్రను ఎటు తిప్పిందో వాళ్లకి అంతుపట్టలేదు. ‘ఆర్గో’తో పద్ధతి మార్చాం. ప్రతి మార్పు పక్కన ఒకే ప్రశ్న రాయమన్నాను: ఈ మార్పు వల్ల ఎవరు పెద్దవాళ్లయ్యారు, ఎవరు చిన్నవాళ్లయ్యారు?

అసలు జరిగింది

1979 అక్టోబరులో అమెరికా, పదవి పోగొట్టుకుని దేశం వదిలిన ఇరాన్ రాజు షాను క్యాన్సర్ చికిత్స కోసం తమ దేశంలోకి రానిచ్చింది. నవంబరు 4న విద్యార్థులు టెహ్రాన్‌లోని అమెరికా రాయబార కార్యాలయాన్ని ఆక్రమించారు. బందీల్లో 52 మందిని 444 రోజులు, 1981 జనవరి 20 దాకా వదలలేదు.

ఆ రోజు వీసాలిచ్చే కాన్సులేట్ భవనంలో ఉన్న కొందరు వెనక వీధి తలుపు గుండా బయటపడ్డారు. రాబర్ట్ ఆండర్స్, మార్క్, కోరా లైజెక్ దంపతులు, జోసెఫ్, కాథ్లీన్ స్టాఫర్డ్ దంపతులు. ఈ ఐదుగురూ కొన్ని రోజులు ఇల్లు మార్చి ఇల్లు తిరిగారు. ఒక రాత్రి బ్రిటిష్ వాళ్ల ఆవరణలో తలదాచుకున్నారు. అమెరికన్ల ఇళ్లలో వంట చేసే థాయ్‌లాండ్ మనిషి ఒకాయన తన ప్రాణాన్ని పణంగా పెట్టి వాళ్లకి చోటు చూపించాడు. చివరికి ఆండర్స్ తన స్నేహితుడైన కెనడా దౌత్యవేత్త జాన్ షియర్‌డౌన్‌కి ఫోన్ చేశాడు. ఇన్నాళ్లూ ఎందుకు చేయలేదని షియర్‌డౌన్ అడిగాడట. నవంబరు 10న వాళ్లు కెనడా వాళ్ల రక్షణలోకి వెళ్లారు. కొందరు షియర్‌డౌన్ ఇంట్లో, కొందరు రాయబారి కెన్ టేలర్ ఇంట్లో. వ్యవసాయ విభాగంలో పనిచేసే లీ షాట్జ్ వేరేచోటి నుంచి బయటపడి, మొదట స్వీడన్ వాళ్ల దగ్గర ఉండి, తర్వాత వీళ్లతో కలిశాడు.

అక్కడి నుంచి జనవరి చివరి దాకా, అంటే దాదాపు 80 రోజులు, ఆ రెండు ఇళ్లే వాళ్ల లోకం. స్క్రాబుల్ ఆడుకున్నారు, పుస్తకాలు చదివారు. ఇంట్లో మనుషులు పెరిగారని ఎవరికీ అనుమానం రాకుండా షియర్‌డౌన్ వేర్వేరు దుకాణాల్లో సరుకులు కొనేవాడు. ఇద్దరు మనుషుల ఇంటికి అన్ని గుడ్లు, అంత రొట్టె ఎందుకని ఏ దుకాణదారైనా ఆలోచిస్తే చాలు, కథ అక్కడితో ముగిసేది.

అటు కెనడా రాజధాని ఒట్టావాలో విదేశాంగ మంత్రి ఫ్లోరా మెక్‌డొనాల్డ్, ప్రధాని జో క్లార్క్ ప్రభుత్వం రహస్య ఉత్తర్వు తెచ్చి ఆరుగురికీ నిజమైన కెనడా పాస్‌పోర్టులు ఇచ్చాయి. అమెరికా గూఢచార సంస్థ సీఐఏలో మారువేషాలు, దొంగ పత్రాల నిపుణుడైన టోనీ మెండెజ్ ఒక ఎత్తు వేశాడు. వీళ్లంతా ఒక హాలీవుడ్ సైన్స్ ఫిక్షన్ సినిమాకి లొకేషన్లు చూడటానికి వచ్చిన కెనడా యూనిట్ అని చెప్పాలి. మేకప్ నిపుణుడు జాన్ చాంబర్స్ సాయంతో లాస్ ఏంజెలెస్‌లో ‘స్టూడియో సిక్స్’ పేరిట నిజంగానే ఆఫీసు తెరిచారు, ఫోన్లు పెట్టారు, సినిమా పత్రికల్లో ప్రకటనలు వేశారు. మెండెజ్ ఇంకొక సీఐఏ అధికారితో కలిసి 1980 జనవరి 25న టెహ్రాన్‌లో దిగాడు. దాదాపు మూడు రోజుల్లో, తెల్లవారుజామున స్విస్ఎయిర్ విమానంలో అందరూ జ్యూరిక్ చేరారు.

2012లో బెన్ అఫ్లెక్ దీన్ని సినిమాగా తీశాడు. మెండెజ్ పాత్ర తనే వేశాడు. మరుసటి ఏడాది ఉత్తమ చిత్రం ఆస్కార్ వచ్చింది. మొత్తం మూడు ఆస్కార్లు.

సినిమా సరిగ్గా చూపినవి

ఇది ముందు చెప్పకపోతే అన్యాయం అవుతుంది. రాయబార కార్యాలయం గోడ దూకే దృశ్యాలు అప్పటి వార్తా చిత్రాలను పక్కన పెట్టుకుని తీసినట్టు ఉంటాయి. టెహ్రాన్ దృశ్యాలు చాలావరకు ఇస్తాంబుల్‌లో తీసినా, కార్లు, దుస్తులు, పెద్ద కళ్లద్దాలు, మీసాలు ఆ కాలానివే. అమెరికన్లు చించిన రహస్య పత్రాల ముక్కలను ఇరానీలు ఓపికగా అతికించి చదివారన్నది నిజం, తర్వాత వాటిని సంపుటాలుగా అచ్చు వేశారు కూడా. సినిమా మొదట్లో బొమ్మల రూపంలో 1953 నాటి సంగతి చెబుతారు. ఎన్నికైన ప్రధాని మొసాదెగ్ చమురును జాతీయం చేశాడని, అమెరికా, బ్రిటన్ కలిసి ఆయన్ని దింపి షాకి బలం చేకూర్చాయని. ఒక హాలీవుడ్ థ్రిల్లర్ ఆ మాట అంత సూటిగా చెప్పడం చిన్న విషయం కాదు. ఈ సినిమా లేకపోతే మా పిల్లల్లో చాలామందికి మొసాదెగ్ పేరు తెలిసేదే కాదు.

ఇక చిన్న తప్పులు. కొండ మీది హాలీవుడ్ అక్షరాలు సినిమాలో శిథిలమై కనిపిస్తాయి. నిజానికి 1978లోనే పాతవి తీసేసి కొత్తవి పెట్టారు. విమానం సినిమాలో బోయింగ్ 747, అసలు ఎక్కింది డీసీ-8. వీటిని మా పిల్లలు మొదటి రోజే పట్టేశారు. ఇవి ఎవరినీ పెద్ద చేయవు, చిన్న చేయవు. పక్కన పెట్టేశాం.

కౌంటర్ దగ్గర

పెద్ద తప్పుల్లో మొదటిది విమానాశ్రయమే.

సినిమాలో వైట్‌హౌస్ ఆఖరి నిమిషంలో పథకం రద్దు చేస్తుంది. మెండెజ్ మాట వినకుండా ముందుకు పోతాడు. వాళ్లు కౌంటర్ ముందు నిలబడి ఉండగానే అక్కడ వాషింగ్టన్‌లో అనుమతి వచ్చి, టికెట్లు ఖాయమవుతాయి. నిజానికి ప్రెసిడెంట్ కార్టర్ అనుమతి మెండెజ్ టెహ్రాన్‌కి బయలుదేరకముందే వచ్చింది. టికెట్ల టెన్షనే లేదు. రాయబారి భార్య పాట్ టేలర్ ముందుగానే, ఒకటి తప్పితే ఇంకొకటి అని, వేర్వేరు ఎయిర్‌లైన్స్‌లో మూడు సెట్ల టికెట్లు కొని ఉంచింది. తెల్లవారుజాము విమానం ఎంచుకున్నదే అప్పుడు గార్డులు తక్కువగా, నిద్రమత్తులో ఉంటారని. వచ్చేటప్పుడు, పోయేటప్పుడు నింపే ఫారాలను ఒకదానితో ఒకటి సరిచూస్తారేమోనన్న భయం ఉండేది. ఎవరూ సరిచూడలేదు. గార్డులకు ఒక పాత్ర పర్షియన్‌లో సినిమా కథ వివరించి నమ్మించే సీను కూడా కల్పితమే. అసలు ఆలస్యం ఒక్కటే: విమానంలో ఏదో యాంత్రిక లోపం వచ్చిందని గంట సేపు కూర్చోబెట్టారు.

ఇక్కడ క్లాసులో ఒక చర్చ వచ్చింది. అది నా అంచనాలో లేనిది. “అలా చూపిస్తే బోర్ కొడుతుంది కదా మేడం” అన్నాడు ఒకబ్బాయి. దానికి నేను జవాబు వెతుక్కుంటుంటే వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. వాళ్ల నాన్న కువైట్‌లో డ్రైవర్. మొదటిసారి వెళ్లేటప్పుడు ఏజెంటు ఇచ్చిన కాగితాలు సరైనవో కావో తెలియక, ఎయిర్‌పోర్టులో కౌంటర్ దగ్గర నిలబడ్డ ఆ ఐదు నిమిషాలు ఎలా ఉన్నాయో ఆయన ఇంట్లో చాలాసార్లు చెప్పాడట. ఆఫీసరు పాస్‌పోర్టు చూస్తాడు. మొహం చూస్తాడు. మళ్లీ పాస్‌పోర్టు చూస్తాడు. ఏమీ అనడు. “ఎవరూ అరవలేదు, ఎవరూ తరమలేదు. అయినా నాన్న చొక్కా వీపంతా తడిసిపోయిందట. అది చూపిస్తే చాలదా?” అంది.

ఆ మాట తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నా ఇన్నేళ్ల అనుభవంలో చారిత్రక సినిమాల గురించి విన్న మంచి ప్రశ్నల్లో అదొకటి.

అంతకంటే ఆశ్చర్యం, అసలు కథలో సినిమాకి కావలసిన ప్రమాదం ఉంది, దాన్ని వదిలేశారు. పాస్‌పోర్టుల్లో వేసిన దొంగ ఇరాన్ వీసాల మీద తేదీ తప్పు పడింది. ఇరాన్ క్యాలెండర్ వేరు. వాళ్ల కొత్త సంవత్సరం నౌరూజ్, మార్చి 21 ప్రాంతంలో, ఇంచుమించు మన ఉగాది రోజుల్లో మొదలవుతుంది. ఆ లెక్క వేసినవాళ్లు పొరబడ్డారు. పర్షియన్ చదవగలిగిన కెనడా దౌత్యవేత్త రోజర్ లూసీ ఆ తేదీలు చూసి పట్టుకున్నాడు. పట్టుకోకపోతే కౌంటర్ దగ్గర ఎవరైనా పట్టుకునేవాళ్లు. ఒక చిన్న ముద్ర, ఆరు ప్రాణాలు, దాన్ని చదవగలిగిన ఒక్క మనిషి. రన్‌వే మీద బండ్ల కంటే ఇది బలమైన సీను అని నా నమ్మకం.

ఇప్పుడు మా ప్రశ్న వేసుకుందాం. వెంటాట పెట్టడం వల్ల, రద్దయిన పథకాన్ని ఒక్కడే నడిపించినట్టు చూపడం వల్ల పెద్దవాడయింది మెండెజ్. టికెట్లు తీసేయడంతో పాట్ టేలర్ చిన్నదయింది. వీసా తప్పు తీసేయడంతో రోజర్ లూసీ కథలోనే లేకుండా పోయాడు. తప్పు చేసింది సీఐఏ, దిద్దింది కెనడా. ఆ వరస సినిమాలో కనిపించదు.

తెర మీద సున్నా నిమిషాలు

పిల్లలతో ఒక పని చేయించాను. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని, ముఖ్యమైన మనుషులు ఒక్కొక్కరు తెర మీద ఎంతసేపు ఉన్నారో రాయమన్నాను. పట్టికలో ఎడమ పక్క అసలు సంఘటనలోని పేర్లు, కుడి పక్క నిమిషాలు. షియర్‌డౌన్ దంపతుల దగ్గరికి వచ్చేసరికి వాళ్లు నన్ను పిలిచారు. “మేడం, వీళ్లు సినిమాలో ఎక్కడున్నారు?” లేరు. సినిమాలో ఆరుగురూ మొదటి నుంచీ ఒకే గుంపు, అందరూ టేలర్ ఇంట్లోనే ఉంటారు.

రెండు ఇళ్లను ఒకటి చేయడం స్క్రీన్‌ప్లే రాసేవాళ్లకి మామూలు పని. ఖర్చు తగ్గుతుంది, ప్రేక్షకుడికి గందరగోళం ఉండదు. దాన్ని నేను తప్పుపట్టను. కానీ ఆ రెండో ఇంట్లో ఎవరున్నారో చూడాలి. జాన్ షియర్‌డౌన్ భార్య జీనా గయానాలో పుట్టిన మనిషి. కెనడా పౌరసత్వం లేదు. ఆమెకి దౌత్య రక్షణ లేదు. పట్టుబడితే రాయబారికి, ఆయన సిబ్బందికి అంతర్జాతీయ చట్టం పేరైనా అడ్డు ఉండేది. జీనాకి అదీ లేదు. అయినా దాదాపు 80 రోజులు ఆ ఇంట్లో వండి పెట్టి, మనుషుల్ని దాచింది. తర్వాత కెనడా పురస్కారాల విషయంలోనూ పౌరసత్వం అడ్డొచ్చింది. ఫ్లోరా మెక్‌డొనాల్డ్ పట్టుబట్టాక గౌరవపూర్వకంగా ఇచ్చారు. ఈ కథ మొత్తంలో అందరికంటే ఎక్కువ ప్రమాదంలో ఉన్న మనిషికి తెర మీద సున్నా నిమిషాలు.

దానికి బదులు సినిమాలో సహర్ అనే ఇరానీ పనమ్మాయి ఉంది. మంచి పాత్రే, కానీ కల్పితం. హాలీవుడ్ వైపు ముసలి నిర్మాత లెస్టర్ సీగెల్ కూడా కల్పితం. సినిమాలో నవ్వులన్నీ దాదాపు ఆయనవే. అసలైన చాంబర్స్ ఉన్నాడు గానీ, ఆయన పక్కన పనిచేసిన ఇంకో మేకప్ నిపుణుడు బాబ్ సైడెల్ లేడు.

బజారు సీను కూడా అంతే. సినిమాలో ఆరుగురూ వేషాలు కట్టుకుని టెహ్రాన్ బజారులో లొకేషన్లు చూసినట్టు తిరుగుతారు, గొడవవుతుంది. నిజానికి వాళ్లు బజారుకు పోలేదు. పోవాల్సిన అవసరమే లేదు. కానీ ఆ సీను వల్ల టెహ్రాన్ ప్రజలు ఎలా కనిపించారో ఆలోచించమన్నాను. ఏ నిమిషంలోనైనా మీద పడే గుంపు. వీధుల్లో వినిపించే పర్షియన్ మాటలకు చాలాచోట్ల సబ్‌టైటిళ్లు ఉండవు. అర్థం కాని మాట భయంగానే వినిపిస్తుంది. మొదటి రెండు నిమిషాల్లో 1953 గురించి ఇచ్చిన న్యాయాన్ని తర్వాతి రెండు గంటల్లో చాలావరకు వెనక్కి తీసుకున్నట్టే.

బ్రిటన్, న్యూజిలాండ్

సినిమాలో ఒక డైలాగు ఉంది. బ్రిటిష్ వాళ్లు వీళ్లని పొమ్మన్నారు, న్యూజిలాండ్ వాళ్లు పొమ్మన్నారు, కెనడా వాళ్లు రానిచ్చారు అని. ఒక్క వాక్యం, పట్టుమని పది సెకన్లు ఉండదు. బ్రిటిష్ వాళ్లు మొదట చోటిచ్చారు. తమ ఆవరణ మీదే దాడి భయం రావడంతో ఎక్కువ కాలం ఉంచలేకపోయారు. న్యూజిలాండ్ దౌత్యవేత్తలు అవసరమైతే మారడానికి వేరే చోటు చూసిపెట్టారు, సరుకులు తెచ్చిచ్చారు, విమానాశ్రయానికి చేర్చడంలోనూ సాయపడ్డారు. 2013 మార్చిలో న్యూజిలాండ్ పార్లమెంటు ఈ డైలాగు ప్రపంచాన్ని తప్పుదారి పట్టించిందంటూ తీర్మానం చేసింది. ఒక సినిమా డైలాగు మీద ఒక దేశపు పార్లమెంటు తీర్మానం! వీళ్లకి ఇంకెక్కడా దిక్కులేదన్న భావన కలిగించాలనే అలా పెట్టామని అఫ్లెక్ అంతకుముందే ఒప్పుకున్నాడు.

చరిత్ర చెప్పేవాళ్లకి ఇది పెద్ద పాఠం. సినిమాలో అబద్ధం ఎప్పుడూ పెద్ద సీనులోనే ఉండదు. నలుగురు నిలబడి మాట్లాడుకునే గదిలో, కాఫీ తాగుతూ అనే ఒక్క మాటలో కూడా ఉంటుంది. దాన్ని ఎవరూ అనుమానించరు.

చివరి కార్డు

2012 సెప్టెంబరులో టొరంటో ఫెస్టివల్‌లో మొదటిసారి వేసినప్పుడు సినిమా చివర తెర మీద నాలుగు మాటలు రాసి చూపించే ఒక కార్డు ఉండేది. పేరంతా కెనడాకి పోయింది గానీ అసలు పని సీఐఏదే అన్న ధ్వని అందులో ఉంది. కెన్ టేలర్ సొంత దేశంలోనే ఆ మాట వేయడం చూసి ఆయన స్నేహితులు నొచ్చుకున్నారు. అఫ్లెక్ టేలర్‌ని పిలిపించి కార్డు మార్పించాడు. కెనడా రాయబార కార్యాలయం చేసిన పనికి సీఐఏ తోడ్పడిందన్న అర్థం వచ్చేలా కొత్త కార్డు పెట్టారు. తప్పు తెలిశాక దిద్దినందుకు అఫ్లెక్‌ని మెచ్చుకోవాలి. కానీ కార్డు మారింది, ముందున్న రెండు గంటలు మారలేదు.

2013 ఫిబ్రవరిలో ఒక టీవీ ఇంటర్వ్యూలో కార్టర్ స్వయంగా చెప్పాడు. ఆలోచనలోనూ అమలులోనూ 90 శాతం కెనడాదేనని, సినిమా మాత్రం దాదాపు మొత్తం సీఐఏకి ఇచ్చిందని, అసలు హీరో కెన్ టేలరేనని. అదే ఇంటర్వ్యూలో సినిమా బాగుందని కూడా అన్నాడు. తమాషా ఏమిటంటే 2014 నవంబరులో సీఐఏ కూడా ట్విట్టర్‌లో తెర మీద ఏముంది, నిజంగా ఏముంది అని పక్కపక్కన పెట్టి సినిమాలోని కల్పనలు కొన్ని తనే ఎత్తి చూపింది.

ఇక్కడ క్లాసు కోపంగా ఉంది. నేను ఆగమన్నాను. ఎందుకంటే సాక్షులందరికీ సొంత ప్రయోజనం ఉంటుంది. కార్టర్ మాట 33 ఏళ్ల తర్వాతిది. సీఐఏ పాత్ర 1997 దాకా అధికారికంగా బయటికి రాలేదు. అప్పటిదాకా లోకం దీన్ని కెనడా చేసిన పనిగానే చెప్పుకుంది. 1980 జనవరి 29న మాంట్రియల్ పత్రిక ‘లా ప్రెస్’లో జాన్ పెలెటియర్ ఈ వార్త బయటపెట్టాడు. సంగతి ముందే తెలిసినా ఆరుగురూ బయటపడేదాకా ఆయన రాయలేదు. ఆ తర్వాత అమెరికా అంతా కెనడాకి ధన్యవాదాల బ్యానర్లు కట్టింది. 1981లో వచ్చిన టీవీ సినిమా కూడా దీన్ని కెనడా వాళ్ల కథగానే చెప్పింది. 1980లో మిగిలిన బందీలు ఇంకా టెహ్రాన్‌లోనే ఉన్నారు కాబట్టి అప్పుడు సీఐఏ పేరు దాచడం అవసరం కూడా. అంటే 1980 నాటి కథ కూడా సగం కథే. 2010లో ఇంకో సంగతి బయటికొచ్చింది. ఆ రోజుల్లో టేలర్ అమెరికా కోసం టెహ్రాన్‌లో రహస్య సమాచారం కూడా సేకరించాడని. అది కూడా సినిమాలో లేదు. ఉంటే టేలర్ పాత్ర ఇల్లిచ్చిన పెద్దమనిషి దగ్గర ఆగిపోయేది కాదు.

కాబట్టి మా రిపోర్టులో ఇలా రాశాం: ‘ఆర్గో’ పాత సగం కథను దిద్దబోయి, రెండో సగాన్ని మొత్తం కథగా చూపింది.

మన దేవుళ్లు టెహ్రాన్ దాకా

ఇది మా పిల్లలకి అందరికంటే నచ్చిన భాగం. సినిమాలో ‘ఆర్గో’ స్క్రిప్టు అంతరిక్షంలో హీరో, విలన్ కొట్టుకునే కథలా ఉంటుంది. అసలు మెండెజ్ వాడుకున్న స్క్రిప్టు, రోజర్ జెలాజ్నీ రాసిన ‘లార్డ్ ఆఫ్ లైట్’ నవల ఆధారంగా తయారైంది. ఆ నవల మొత్తం మన పురాణాల మీద నడుస్తుంది. ఒక దూరపు గ్రహంలో మనుషులు యంత్రశక్తితో బ్రహ్మ, శివుడు, యముడు, కాళి వంటి దేవుళ్లుగా మారి మిగిలినవాళ్లని పాలిస్తుంటారు. సిద్ధార్థుడనే పేరూ ఉన్న హీరో బౌద్ధాన్ని ఆయుధంగా చేసుకుని వాళ్ల మీద తిరగబడతాడు. బ్యారీ ఐరా గెల్లర్ దీన్ని సినిమాగా తీయాలనుకున్నాడు, కామిక్స్ చిత్రకారుడు జాక్ కిర్బీ బొమ్మలు వేశాడు, ఆ ప్రయత్నం ఆగిపోయింది. ఆగిపోయిన ఆ స్క్రిప్టూ బొమ్మలూ చాంబర్స్ ద్వారా మెండెజ్ చేతికి వచ్చాయి. దానికే ‘ఆర్గో’ అని పేరు మార్చాడు.

అంటే 1980లో ఆ ఆరుగురిని కాపాడిన దొంగ సినిమా కథలో ఉన్నది మన బ్రహ్మ, యములే. ఈ సంగతి చెప్పినప్పుడు క్లాసులో కలిగిన సంతోషం నాకూ కలిగింది. ఆ వెంటనే అదే ప్రశ్న వేశాం: దీన్ని తీసేసినందువల్ల ఎవరు చిన్నవాళ్లయ్యారు? గెల్లర్, కిర్బీ, జెలాజ్నీ. ప్రేక్షకుడికి వివరించడానికి పది నిమిషాలు పడుతుంది కాబట్టి తీసేసి ఉంటారు. నిజాయితీగా చెప్పాలంటే ఈ మార్పును మా పిల్లలు సగంమంది క్షమించారు. నేనూ క్షమించాను.

ఇంకొక ముచ్చట. వాళ్లు ఎక్కిన స్విస్ఎయిర్ విమానం ముక్కు మీద ‘ఆర్‌గౌ’ అని పేరు రాసి ఉంది. అది స్విట్జర్లాండ్‌లో ఒక ప్రాంతం పేరు. మెండెజ్ దాన్ని శుభశకునంగా తీసుకున్నాడు. సినిమాలో పెడితే కల్పన అనుకునేవాళ్లు. ఇది మాత్రం నిజం.

మేము తేల్చినది, తేల్చలేకపోయినది

మార్పులన్నీ గోడ మీద అంటించి, ఒక్కొక్కదానికి బాణం గీయమన్నాను. మార్పు ఎవరి వైపు పోతే అటు బాణం. అక్షరాలు, విమానం మోడల్ లాంటి వాటికి బాణం లేదు. మిగిలినవన్నీ గీశాక గోడ ముందు నిలబడి చూశాం. రద్దయిన పథకం, టికెట్లు, ఫారాలు, వెంటాట, బజారు, షియర్‌డౌన్‌లు, వీసా తేదీ, బ్రిటన్, న్యూజిలాండ్. దాదాపు అన్ని బాణాలూ మెండెజ్ వైపే తిరిగి ఉన్నాయి. కథ కోసం అక్కడో ఇక్కడో చేసిన మార్పులైతే బాణాలు చెల్లాచెదురుగా ఉండాలి. ఇంత వరసగా ఉన్నాయంటే, 80 రోజులు తలుపు మూసుకుని ఒక పూటకి ఒక పూట నెట్టుకొచ్చిన ధైర్యాన్ని, మూడు రోజుల ధైర్యం ముందు సినిమా చిన్నది చేసింది. మెండెజ్ ధైర్యం తక్కువదని నేను అనడం లేదు. పట్టుబడితే ఆయనకీ చావే. కానీ ఆయన ఎక్కిన మెట్టు మిగిలినవాళ్లు అప్పటికే కట్టి ఉంచినది.

చివరి ఫొటోల గురించి రాసిన అమ్మాయి తన రిపోర్టులో ఇలా రాసింది. మొహాలు, అద్దాలు, చొక్కాలు నిజమని చూపించి, దాని మీద కథ కూడా నిజమేనని సంతకం పెట్టించుకున్నారని. ఆ వాక్యం నేను ఇప్పుడు ప్రతి బ్యాచ్‌కి చదివి వినిపిస్తున్నాను. పరీక్షలో ప్రశ్న కూడా మార్చాను. సినిమాలో చారిత్రక దోషాలు రాయండి అని అడగడం మానేశాను. ఒక మార్పు తీసుకుని అది ఎవరిని మాయం చేసిందో ఆధారంతో చూపించమంటున్నాను.

మాకు తెలిసిన లోపం ఒకటి ఉంది. మేము వాడిన సాక్ష్యమంతా అమెరికా, కెనడా వైపుది: మెండెజ్ రాసింది, లైజెక్ చెప్పింది, టేలర్ ఇంటర్వ్యూలు, కార్టర్ మాటలు. టెహ్రాన్ వైపు నుంచి ఒక్క గొంతూ లేదు. పర్షియన్ మాకెవరికీ రాదు. దీన్ని రిపోర్టు చివర ఒప్పుకుంటూ రాశాం. ఈ ఏడాది బ్యాచ్‌కి మొదటి పని అదే ఇచ్చాను. కార్యాలయాన్ని ఆక్రమించిన విద్యార్థుల తరఫున ఇంగ్లీషులో మాట్లాడిన మసూమె ఎబ్తెకార్, తర్వాత ఇరాన్ ఉపాధ్యక్షురాలైంది. ఆ రోజుల గురించి ఆమె ఇంగ్లీషులో ఒక పుస్తకం రాసింది. పిల్లలు మొదటి అధ్యాయం జిరాక్స్ తీసుకుని పెన్సిళ్లతో కూర్చున్నారు. నిన్నటికి పదకొండు పేజీలయ్యాయి. పట్టికలో ఇంకో నిలువు గీత గీసి, దాని పైన “టెహ్రాన్” అని రాశారు.